మీటరున్నర దూరం నుంచి చదవగలిగే పోస్టర్

సదస్సులో గోడకు పెట్టే పరిశోధన పోస్టర్‌ను ఎవరూ కూర్చుని చదవరు. చేతిలో టీ కప్పుతో, మీటరున్నర దూరంలో నిలబడి, నలుగురి మాటల మధ్య చూస్తారు. హైదరాబాద్ హెచ్‌ఐసీసీ సమావేశ కేంద్రంలో అంతర్జాతీయ సదస్సు అయినా, ఉస్మానియాలో డిపార్ట్‌మెంట్ సెమినార్ అయినా ఇంతే. మనం మాత్రం దాన్ని కంప్యూటర్‌కు రెండడుగుల దూరంలో, జూమ్ చేసుకుంటూ తయారుచేస్తాం. అక్షరాలు చిన్నవయ్యేది అక్కడే.

దీనికో తేలికైన పరీక్ష ఉంది. పోస్టర్ వేసే ఏ0 షీటు (841 × 1189 మి.మీ.) పొడవూ వెడల్పూ ఏ4కి నాలుగేసి రెట్లు. పోస్టర్‌ను ఏ4 మీద ప్రింట్ తీసి 40 సెం.మీ. దూరంలో పట్టుకుంటే, అసలు పోస్టర్‌ను 160 సెం.మీ. నుంచి చూసినట్టే. 24 పాయింట్ల అక్షరం అందులో 6 పాయింట్లకు దిగిపోతుంది, చదవడం కష్టం. అందుకే మామూలు వాక్యాలకు 32, ఉపశీర్షికలకు 50, శీర్షికకు 90 పాయింట్లు పెట్టుకోండి. రైతుల కోసమో, ఆశా కార్యకర్తల కోసమో తెలుగులో వేస్తుంటే ఇంకాస్త పెంచాలి. వరసల మధ్య జాగా కూడా పెంచాలి, లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. చాలామంది మరిచిపోయేవి గ్రాఫ్ అక్షాల మీది అంకెలు. ఎక్సెల్ నుంచి వచ్చినవి వచ్చినట్టే ఉండిపోతాయి.

శీర్షిక దగ్గరే సగం పోస్టర్లు దెబ్బతింటాయి. 'నల్గొండ జిల్లా భూగర్భజలాల్లో ఫ్లోరైడ్: ఒక అధ్యయనం' అంటే ఏం తేలిందో తెలియదు. మీకు తేలింది బోరు లోతుతో పాటు ఫ్లోరైడ్ పెరుగుతోందనే అయితే, ఆ మాటే శీర్షికగా పెట్టండి. ఫలితం ముందే చెప్పేస్తే ఆసక్తి పోతుందన్న భయం అక్కర్లేదు, దాన్ని చూసే జనం ఆగుతారు. గ్రాఫ్‌లో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దగ్గర అడ్డంగా ఒక గీత గీసి 'తాగునీటి పరిమితి' అని రాస్తే, ఏ చుక్కలు ప్రమాదంలో ఉన్నాయో చెప్పడానికి పేరా అక్కర్లేదు. ఆకుపచ్చ, ఎరుపు గీతలు పక్కపక్కన వద్దు, వర్ణాంధత్వం ఉన్నవారికి రెండూ ఒకేలా కనిపించవచ్చు. నీలం, నారింజ మేలు. పేర్లు పక్కన పెట్టెలో కాకుండా గీత చివరే రాయండి.

మొత్తం మాటలు 400 దాటకపోతే మంచిది. సారాంశం పూర్తిగా తీసేయవచ్చు, అది సదస్సు సంచిక (సావనీర్)లో ఎలాగూ ఉంటుంది. పద్ధతిని బొమ్మలో చూపండి. క్యూఆర్ కోడ్ మీటరు దూరం నుంచి స్కాన్ కావాలంటే సుమారు 10 సెం.మీ. ఉండాలి, అదీ కింది మూలన కాకుండా ఛాతీ ఎత్తులో.

ఇక ప్రింటింగ్. పవర్‌పాయింట్‌లో పని మొదలుపెట్టేముందే స్లైడ్ సైజు మార్చుకోవాలి, చివర్లో మారిస్తే బొమ్మలు సాగిపోతాయి. అంతకంటే ముందు నిర్వాహకులు ఇచ్చే బోర్డు నిలువుదో అడ్డందో కనుక్కోండి. 1000 పిక్సెళ్ల స్క్రీన్‌షాట్‌ను 40 సెం.మీ. వెడల్పుకు సాగదీస్తే అంగుళానికి 63 పిక్సెళ్లే మిగులుతాయి, మసకబారుతుంది. 150 ఉండేలా చూడండి. కోఠి, అమీర్‌పేట వైపు ఫ్లెక్స్ షాపుల్లో ఎక్కువ పని హోర్డింగులది, వాటికి తక్కువ రిజల్యూషన్ సరిపోతుంది. మీ పోస్టర్‌కు సరిపోదని ముందే చెప్పండి. మెరిసే ఫ్లెక్స్ మీద హాలు లైట్లు పడి గ్రాఫే కనిపించదు కాబట్టి మెరవని రకం (మ్యాట్) అడగండి. ఏ0 అంటే చదరపు మీటరు, అంటే దాదాపు 10.8 చదరపు అడుగులు. రేటు ఆ లెక్కన చూసుకోండి.

ఫైలును షాపులో కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచినప్పుడు తెలుగు ఒత్తులు విడిపోవచ్చు, మైక్రో గుర్తు, డిగ్రీ గుర్తు మారిపోవచ్చు. ఫాంట్లు ఎంబెడ్ చేసిన (ఫైల్లోనే కలిపేసిన) పీడీఎఫ్‌తో పాటు, అంగుళానికి 150 లెక్కన 4967 × 7022 పిక్సెళ్ల జేపెగ్ కూడా పట్టుకెళ్లండి. తెరమీది ముదురు నీలం ప్రింట్‌లో ఊదాగా రావచ్చు, ముందు చిన్న ముక్క వేయించి చూసుకోండి. చుట్టి ఇచ్చింది చంకన పెట్టుకుని వచ్చేయకుండా, షాపు బల్ల మీదే పూర్తిగా విప్పి, యూనిట్లన్నీ ఒక్కొక్కటిగా చదవండి.