పది నిమిషాలు ఒక్క కోతినే చూడటం: నా అనుభవం

మనిషి ఎలా పుట్టాడో చదువుకుందామని చేరాను. పుర్రెలు, దంతాలు, రాతి పనిముట్లు ముందు పెడతారనుకున్నాను. మొదటిరోజు నా చేతికొచ్చినవి ఒక స్టాప్‌వాచ్, అట్టకు బిగించిన కాగితాలు. కంచెకు అవతల ముప్పై ఒక్క రీసస్ మకాక్ కోతులు. "ఎముకలు నడక చెబుతాయి, తిండి చెబుతాయి. ఎవరి పక్కన ఎవరు కూర్చునేవారో చెప్పవు. దానికి బతికున్నవాటిని చూడాల్సిందే" అన్నారు మా గైడ్ మేడమ్.

కోతులు మనకు తాతలు కావు. మన శాఖ, చింపాంజీల శాఖ సుమారు 60-70 లక్షల ఏళ్ల కిందట విడిపోయాయి. మకాక్‌లతో మన చుట్టరికం ఇంకా వెనకటిది, సుమారు 2.5-3 కోట్ల ఏళ్ల నాటిది. దూరపు చుట్టాలే అయినా, అనేక జాతుల ప్రైమేట్లలో (మనిషి, చింపాంజీ, కోతులు ఉన్న జంతు వర్గంలో) ఒకే ప్రవర్తన కనబడితే అది ఉమ్మడి పూర్వీకుడి నుంచే వచ్చిందా అని అడగడానికి వీలవుతుంది. అడిగే ముందు సరిగా చూడటం రావాలి. నాకు అక్కడే నాలుగు నెలలు పట్టింది.

ముందు ముఖాలు గుర్తుపట్టాలి. చెవి అంచు చీలినది, చూపుడువేలి కొస లేనిది, ముక్కు మీద మచ్చ ఉన్నది అని రాసుకుని కాగితం చూసి పోల్చుకునేదాన్ని. మూడో వారంలో ఒక ఉదయం కాగితం తీయకుండానే అందరూ తెలిసిపోయారు. ఆ రోజు కలిగిన సంతోషం తర్వాత ఏ పరీక్షలోనూ కలగలేదు.

తర్వాత ఎథోగ్రామ్. ఆ జాతి చేసే పనులన్నింటికీ పేరూ నిర్వచనమూ ఉన్న పట్టిక అది. ఏదైనా పని రాయాలంటే కళ్లకు కనబడిన కదలికే రాయాలి, మనసులో ఏముందో ఊహించి రాయకూడదు. రెండోరోజు నేను "పెద్ద మగకోతిని చూసి నవ్వింది" అని రాశాను. మేడమ్ ఆ మాట కొట్టేసి, "పెదవులు వెనక్కి లాగి పళ్లు చూపింది, చప్పుడు చేయలేదు" అని రాశారు. రీసస్ కోతుల్లో అలా పళ్లు చూపేది సాధారణంగా కింది స్థాయిది, పై స్థాయి దానికి. నీకు తలొగ్గుతున్నాను అని చెప్పడమది. జాన్ వాన్ హూఫ్ అనే డచ్ శాస్త్రవేత్త 1972లో ఒక ప్రతిపాదన చేశాడు: మన చిరునవ్వుకు మూలం ఇలా చప్పుడు లేకుండా పళ్లు చూపడంలోనూ, పకపకా నవ్వడానికి మూలం ఆటలో నోరు తెరిచే ముఖంలోనూ ఉండవచ్చని. అంటే ఆ కోతి ముఖానికీ నా చిరునవ్వుకీ నిజంగానే చుట్టరికం ఉండవచ్చు. కానీ ముందే "నవ్వింది" అని రాసేస్తే ఆ చుట్టరికాన్ని పరీక్షించే దారే మూసుకుపోతుంది. ఆ కాగితం ఇంకా దాచుకున్నాను.

అసలు కష్టం ఫోకల్ పద్ధతి దగ్గర మొదలైంది. చీటీ తీస్తే ఏ కోతి పేరు వస్తే దాన్నే పది నిమిషాలు చూడాలి. నాకు చీలిక చెవి వచ్చింది. కింది స్థాయి ఆడకోతి, చంకలో పిల్ల. నాలుగో నిమిషంలో అవతలి మూల రెండు మగకోతులు అరుచుకుంటూ తరుముకున్నాయి, నా కళ్లు అటు పోయాయి. అంతా అయ్యాక "ఆ నిమిషమున్నరలో నీ కోతి ఏం చేసింది?" అని మేడమ్ అడిగితే నా కాగితం మీద ఏమీ లేదు.

ఆ సాయంత్రం ఆవిడ నన్ను కూర్చోబెట్టి ఈ పద్ధతి ఎందుకు వచ్చిందో చెప్పారు. నా కళ్లు చేసిన తప్పును బబూన్లనే పెద్ద ఆఫ్రికా కోతుల మీద పనిచేసిన శాస్త్రవేత్త జీన్ ఆల్ట్‌మన్ 1974లో ఒక వ్యాసంలో విప్పి చూపారు. ఏది కంటపడితే అది రాసుకుంటూ పోతే గొడవలూ పెద్ద మగజంతువులే కాగితం నిండా ఉంటాయి, మౌనంగా ఉన్నవాళ్లు జారిపోతారు. 1959లో షెర్వుడ్ వాష్‌బర్న్, ఇర్వెన్ డివోర్ అనే మానవ శాస్త్రవేత్తలు కెన్యా గడ్డి మైదానాల బబూన్లను గమనించారు. ఆ పరిశీలనల్లోంచి మగవాటి పెత్తనం చుట్టూ అల్లుకున్న సమాజం ఒకటి బయటికొచ్చింది, తొలి మానవులూ అలాగే బతికి ఉంటారన్న ఊహ బలపడింది. 1960లలోనే థెల్మా రోవెల్ అనే శాస్త్రవేత్త ఉగాండా అడవి బబూన్లలో చూసినది వేరు: అక్కడ కొట్లాటలు తక్కువ, గుంపు ఎటు వెళ్లాలో తేల్చడంలో పెద్దవయసు ఆడవాటి మాట చెల్లేది. మనిషి పుట్టుక కథకు అంత పెద్ద మలుపు ఎవరిని ఎంతసేపు చూశారన్న దాని మీద ఆధారపడిందని విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాతది పరిశీలకుల పొంతన పరీక్ష. నేనూ మేడమూ ఒకే కోతిని ఒకేసారి చూసి, మాట్లాడుకోకుండా రాస్తాం. రెండు కాగితాలూ ఎంత కలిశాయో కప్పా అనే అంకె చెబుతుంది. ఉత్త శాతం సరిపోదు: కోతి ఎక్కువసేపు ఊరికే కూర్చునే ఉంటే ఇద్దరం "కూర్చుంది" అని రాసినా చాలావరకు కలిసిపోతుంది. అలా యాదృచ్ఛికంగా కలిసే భాగాన్ని కప్పా తీసేస్తుంది. పూర్తిగా కలిస్తే కప్పా 1. నాకు 0.80 దాటాలి. మొదటిసారి 0.58, రెండోసారి 0.71. రెండోసారి దెబ్బతీసింది పేలు చూడటం. చేయి కాసేపు ఆగితే అది కొనసాగినట్టా, కొత్తగా మొదలైనట్టా? అయిదు సెకన్ల హద్దు నిర్వచనంలో ఉంది, నేను కళ్ల అంచనాతో రాశాను. స్టాప్‌వాచ్ మీదే ఆధారపడటం అలవాటు చేసుకోవడానికి ఇంకో నెల. మూడోసారి 0.86. మేడమ్ ఏమీ అనలేదు, కొత్త కాగితాల కట్ట ఇచ్చారు.

తర్వాత అరవై గంటలు రాశాను. తరుముకోవడాలూ కొరుక్కోవడాలూ అన్నీ కలిపినా నలభై నిమిషాలు కాలేదు. పేలు చూసుకోవడం తొమ్మిది గంటలు. అది శుభ్రత కోసమే అనుకునేదాన్ని. 2003లో జోన్ సిల్క్, సూసన్ ఆల్బర్ట్స్, జీన్ ఆల్ట్‌మన్ కెన్యాలోని అంబోసెలీ బబూన్ల మీద 16 ఏళ్ల లెక్కలు ప్రచురించారు. పేలు చూసుకుంటూ, పక్కపక్కన ఉంటూ ఇతరులతో ఎక్కువ కలిసిమెలిసి ఉండే తల్లుల పిల్లలే మొదటి ఏడాది దాటి బతికే అవకాశం ఎక్కువ, అదీ తల్లి స్థాయితో నిమిత్తం లేకుండా. ఆ లెక్కలు ఇలాంటి నిమిషాలు కూడబెట్టగా వచ్చినవే.

చివరి వారం చీటీలో మళ్లీ చీలిక చెవి వచ్చింది. పిల్ల తల్లిని వదిలి రెండడుగులు వేసి వెనక్కి పరుగెత్తి వస్తోంది. ఆరో నిమిషంలో చీలిక చెవి అక్క వచ్చి దాని పక్కన కూర్చుని వీపు మీద వెంట్రుకలు పాయలు తీయడం మొదలుపెట్టింది. అవతల మగకోతులు అరిచాయి. నేను తలెత్తలేదు. మూడు నిమిషాల నలభై సెకన్లు, ఆగకుండా.