అట్రోపిన్ కంటిమందు పెట్టాక పన్నెండు రోజులు: నా అనుభవం

మా నాలుగేళ్లవాడికి కుడికన్ను లోపలికి తిరుగుతోంది. కంటి ఆసుపత్రిలో ఓపీ చీటీ, మొదటి పరీక్ష అరగంటలో అయ్యాయి. అట్రోపిన్ 1 శాతం ఆయింట్‌మెంట్ రోజుకి రెండుసార్లు, మూడు రోజులు పెట్టి నాలుగో రోజు రమ్మన్నారు.

పసిపిల్లల కంట్లో ఫోకస్ చేసే కండరానికి బలమెక్కువ. ఉన్న ప్లస్ పవర్‌ని (దూరదృష్టి లోపాన్ని) అది దాచేస్తుంది. ఆ కండరాన్ని పడుకోబెడితేగానీ అసలు పవర్ ఎంతో తేలదు. అట్రోపిన్ చేసేది అదే. ఉమ్మెత్తలో ఉండేదీ ఇదే, కాబట్టి ట్యూబు పిల్లలకి అందకూడదు. నిద్రలో ఉండగా కింది రెప్ప లాగి బియ్యపు గింజంత పెట్టి, ముక్కు పక్కనున్న కంటిమూలని రెండు నిమిషాలు నొక్కాలి. లేదంటే మందు ముక్కులోకి దిగి ఒంట్లోకి చేరుతుంది: మొహం ఎర్రబడడం, నోరు ఎండడం, జ్వరం. అలా అయితే ఆపేసి డాక్టరుకి ఫోన్ చేయండి. చేతులు సబ్బుతో కడగండి. నేను కడగలేదు, తెల్లారేసరికి నా కంటిపాప ఒకటి పెద్దదైంది.

నాలుగో రోజు పొద్దున కూడా పెట్టి తీసుకెళ్లాను. హాలంతా వినేలా టెక్నీషియన్ "ఈ పూట ఎవరు పెట్టమన్నారమ్మా? చదువుకున్నవాళ్లేగా!" అంది. ఆయింట్‌మెంట్ జిడ్డు నల్లగుడ్డు మీద పొర కడితే రెటినోస్కోపీ (కంట్లోకి వెలుగు వేసి పవర్ కొలిచే పరీక్ష) వెలుగు సరిగ్గా కనబడదు. నిజమే. మరి ఆ ముక్క చీటీలో రాయడానికి ఎంత ఇంకు ఖర్చవుతుంది? "1-0-1, 3 రోజులు", అంతే ఉంది. దూదితో తుడిచి గంటసేపు కూర్చోబెట్టారు. అంత తిట్టిన మనిషి కూడా అసలు మాట చెప్పలేదు: మసక 10 నుంచి 14 రోజులు ఉంటుందని.

ఆ రాత్రి పప్పన్నంలో కరివేపాకు ఏరకుండా తినేశాడు. ఏనాడూ ఆకు ముట్టని పిల్లాడు. బొమ్మల పుస్తకం ముక్కుకి ఆనించి, మళ్లీ దూరంగా నెట్టి, ఏడుపు. ఆసుపత్రిలో వేసే ట్రోపికమైడ్ చుక్కలైతే కొన్ని గంటల్లో, సైక్లోపెంటోలేట్ చుక్కలైతే ఒక రోజులో ప్రభావం తగ్గుతుంది. పక్కింటావిడ వాటితో పోల్చి "ఇంకా తగ్గలేదా?" అని మమ్మల్ని హడలగొట్టింది. ఎండలోకి టోపీ లేకుండా పంపకండి. బళ్లో మిస్‌కి ముందే చెప్పండి, పలక మీద గీత తప్పితే వాడి తప్పు కాదు.

పవర్ ప్లస్ నాలుగున్నర వచ్చింది. కళ్లజోడు మాత్రం షాపువాడి వెంటపడి మూడు రోజుల్లో తెచ్చుకోండి. మందు ప్రభావం తగ్గకముందే పెడితే దూరం స్పష్టంగా కనిపించి పిల్లాడు తీసి పారేయడు. దగ్గరి మసక మాత్రం మందు ప్రభావం తగ్గేదాకా పోదు. మావాడు పన్నెండో రోజు మళ్లీ కరివేపాకు ఏరి కంచం అంచున పెట్టాడు.