పాత చాకుని కొత్తది చేయకండి

పర్లాకిమిడిలో నేను మడత చాకులు పోగేస్తానని చెప్తే ఎదుటివాళ్ళు ముందు కాస్త అనుమానంగా చూస్తారు, కాసేపయ్యాక వాళ్ళే "మా తాతగారిది ఒకటుండాలండీ, ట్రంకుపెట్టెలో వెతకాలి" అంటారు. నా దగ్గరున్న మంచి చాకులు చాలావరకు అలా వచ్చినవే. మిగతావి పాతఇనుము కొట్లలోవి, అటు గుణుపురంలోనో ఇటు ఆంధ్రావైపు పాతపట్నంలోనో తూకానికి పోయే ముందు పట్టుకున్నవి.

ఈ మూల ఊళ్ళోకి ఇంగ్లండు చాకులు ఎలా వచ్చాయని కొందరికి ఆశ్చర్యం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మాది మద్రాసు ప్రెసిడెన్సీ. జమీందారీ ఊరు కాబట్టి లెక్కలు రాసేవాళ్ళు, కోర్టు గుమాస్తాలు, బడిపంతుళ్ళు ఎక్కువ. పెన్ నైఫ్ అనేది పుట్టిందే ఈకతో రాసే కాలంలో ఈక మొన చెక్కుకోడానికి. ఈకలు పోయాక పెన్సిలుకి పనికొచ్చింది, ఇంటికొచ్చాక మామిడికాయకీ పొగాక్కాడకీ కూడా అదే. కోటు జేబులో పట్టే రెండు బ్లేళ్ళ చాకు ఉద్యోగస్తుడి సామాన్లలో ఒకటన్నమాట.

అలాంటివాటిలో ఎక్కువమంది వెతికేది షెఫీల్డ్ ఊరి రాడ్జర్స్ కంపెనీ సరుకు. వాళ్ళ గుర్తు నక్షత్రం, పక్కన మాల్టా శిలువ, అంటే నాలుగు చేతులూ కొసకి వెడల్పయ్యే శిలువ. బ్లేడు మొదట్లో, పిడికి ఆనుకుని కొట్టి ఉంటుంది. కిరీటానికి అటూ ఇటూ వి, ఆర్ అక్షరాలుంటే విక్టోరియా రాణి కాలపు ముద్ర, అంటే 1901కి ముందుది. జి, ఆర్ ఉంటే జార్జి రాజులది. పేరున్న సరుకు కాబట్టి నకళ్ళూ ఉన్నాయి, రాడ్జర్స్ స్పెల్లింగులో 'డి' ఉందో లేదో భూతద్దం పెట్టి చూడాల్సిందే. సరే, ముద్ర సంగతి ఇంతకన్నా సాగదీయను, ఎందుకంటే పేరు చూసి కొనేవాళ్ళతో నాకు పెద్దగా పడదు. ఏ ముద్రా లేకుండా ఏ కమ్మరో సాగగొట్టి, మడత పెట్టి, ఇత్తడి రేకుతో పిడి కట్టిన చాకు దొరికితే రాడ్జర్స్‌ని పక్కన పెట్టి దాన్ని తీసుకుంటా.

నా గొడవ బాగుచెయ్యడం గురించి. ఈమధ్య ఆన్‌లైన్లో అమ్మకానికి పెట్టే పాత చాకులు చూస్తే ఒళ్ళు మండుతుంది. బఫింగ్ చక్రం మీద పెట్టి అద్దంలా మెరిపిస్తారు, ఆ మెరుపులో ముద్ర సగం అరిగిపోతుంది, అంచులన్నీ గుండ్రంగా అయిపోతాయి, వందేళ్ళలో పట్టిన రంగంతా గంటలో పోతుంది. కింద 'పూర్తిగా పునరుద్ధరించినది' అని రాసి ధర రెట్టింపు చేస్తారు. ఆ ఉక్కుని ఇంక ఎవరూ వెనక్కి తేలేరు.

పాత బ్లేళ్ళు స్టెయిన్‌లెస్ కాదు. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ స్టెయిన్‌లెస్ ఉక్కు చేసిందే 1913లో, అది చాకుల్లోకి మెల్లగా వచ్చింది. అంతకుముందువన్నీ మామూలు కార్బన్ ఉక్కు. దానికి రెండు రకాల రంగు పడుతుంది. ఎర్రగా పొడిపొడిగా ఉండేది తుప్పు, అది తేమని పట్టుకుని లోపలికి తినుకుంటూ పోతుంది, తియ్యాల్సిందే. బూడిదరంగులోనో నలుపునీలంలోనో గట్టిగా అతుక్కున్న పొర మాత్రం వేరు, పచ్చిమామిడికాయలూ ఉల్లిపాయలూ కోసీ కోసీ వచ్చిన రంగది, తుప్పుని కొంతవరకు అడ్డుకుంటుంది కూడా. ఎర్రది తీసెయ్యి, నల్లది వదిలెయ్యి. నాకు తెలిసిన విద్యలో ముప్పావు వంతు ఇదే.

బిగుసుకుపోయిన చాకు చేతికొస్తే ముందు గోరు పెట్టి లాగకండి, గోరు విరుగుతుంది, లేదా బ్లేడు మీద గోరు పట్టే గాడి దగ్గర పగులుంటే అదే విరుగుతుంది. కీలు దగ్గర కిరసనాయిలు చుక్కలు వేసి ఒక రాత్రి వదిలెయ్యండి. పిడి కొమ్ముదో ఎముకదో అయితే మొత్తం ముంచొద్దు, కీలు వరకే. మర్నాడు కొంచెం కదులుతుంది, మళ్ళీ నూనె, మళ్ళీ కొంచెం. లోపల గాడిలో దశాబ్దాల చెత్త ఉంటుంది: బట్టల నూలు, పొగాకు పొడి, గట్టిపడిన గ్రీజు. చీపురుపుల్ల చెక్కి దాంతో గోకితే చాలు, స్క్రూడ్రైవరు పెట్టారంటే లోపలి ఇత్తడి రేకు గీరుకుపోతుంది. బ్లేడు మీద ఎర్ర తుప్పుకి అన్నిటికన్నా సన్నటి స్టీల్ ఊలు, మిషన్ నూనె తడిపి, చేత్తో. మొండి మచ్చ ఉంటే ఇత్తడి ముక్కతో గోకాలి, ఇత్తడి ఉక్కు కన్నా మెత్తన కాబట్టి తుప్పు లేస్తుంది గానీ బ్లేడు గీరుకోదు. ఉప్పుకాగితం జోలికి పోకండి. యాసిడ్ జోలికి అసలే పోకండి, కీలు లోపల ఇరుక్కుని తర్వాత నెమ్మదిగా తింటుంది.

పదును కూడా సన్నటి రాయి మీద నీళ్ళు చల్లుకుంటూ చేత్తోనే పెట్టాలి. వీధిలోకి సైకిల్ మీద సాన పట్టేవాళ్ళు వస్తారు, వంటింటి కత్తిపీటకి బ్రహ్మాండం, పాత చాకుకి మాత్రం వద్దు. చక్రం మీద పల్చటి అంచు క్షణాల్లో వేడెక్కుతుంది, నీలం రంగుకి తిరిగిందంటే దాదాపు 300 డిగ్రీలకి చేరినట్టే, అక్కడ ఉక్కు పదునుపట్టు పోతుంది.

పిడి విరిగిపోయినప్పుడే మా ఊరి అదృష్టం తెలుస్తుంది. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు. కొంగలు, దువ్వెనలు, బొమ్మలు చేస్తారు. వాటిని కొనేవాళ్ళే తక్కువైపోయారు, ఇంక చాకు పిడి కోసం వెళ్ళేది నాలాంటి వాళ్ళే. గేదె కొమ్ము మొదట బోలుగా, కొసకి వచ్చేసరికి గట్టిగా ఉంటుంది. బోలు భాగాన్ని కోసి, నిప్పు సెగ మీద మెత్తబరిచి, బరువు కింద అణిచి పలకలు చేస్తారు. కొమ్ము అంటే మన గోరూ వెంట్రుకా లాంటి పదార్థమే కాబట్టి రంపం వేగంగా లాగినా డ్రిల్లు వేడెక్కినా జుట్టు కాలిన వాసన వచ్చేస్తుంది. ఆ వాసన వస్తే పని ఆపాలని నాకు నేర్పింది అక్కడి ఒక ముసలి మేస్త్రీ. ఒడియా, తెలుగు కలిపి మాట్లాడతాడు. కొత్తగా కోసిన పలకని వెంటనే బిగించమంటే ఒప్పుకోడు. "ఆగు బాబూ, వానాకాలం ఒకటి చూడనీ, ఇప్పుడు కొడితే మేకు దగ్గర పగుల్తాది" అంటాడు. నిజమే, కొమ్ము తేమకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుంటుంది. అందుకే శీల కన్నా కన్నం వెంట్రుకవాసి పెద్దదిగా వేస్తాం, ఇత్తడి తీగ దూర్చి చిన్న సుత్తితో గట్టిగా ఒకటి కాకుండా మెల్లగా ఇరవై కొడతాం. కొరియర్లో తెప్పించుకునే రెడీమేడ్ ప్లాస్టిక్ పలకలు దీని ముందు దండగ.

షెఫీల్డ్ వాళ్ళు పిడికి వాడిన జింక కొమ్ముల్లో చాలా భాగం మన దేశపు కణుజులదే, ఇక్కడి అడవి నుంచి ఓడెక్కి వెళ్ళి చాకై తిరిగొచ్చిందన్నమాట. ఇప్పుడు 1972 వన్యప్రాణి చట్టం ఉంది కాబట్టి కణుజు కొమ్మువీ దంతపు పిడివీ నేను కొనను, ఎవరైనా చూపిస్తే కళ్ళారా చూసి తిరిగిచ్చేస్తా. బటన్ నొక్కితే విచ్చుకునేవీ ముట్టుకోను. ఆయుధాల చట్టం ఊసెత్తి భయపెట్టేవాళ్ళు ఉంటారు గానీ, దాని కింది నిబంధనల్లో కత్తులకి చెప్పిన కొలత 9 అంగుళాల కన్నా పొడుగు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడు. పెన్సిలు చెక్కే చాకు దాని దరిదాపుల్లోకి రాదు. విమానంలో చేతిసంచీలో మాత్రం పెట్టుకోకండి, అక్కడ ఈ వాదనలేవీ పనిచెయ్యవు.

దాచుకోవడంలో ఒక్కటి తప్పకుండా చెప్పాలి. పాత చాకుల్లో తాబేటిచిప్పలానో ముత్యపుచిప్పలానో మెరిసే రంగు పిడులుంటాయి, అవి చాలావరకు సెల్యులాయిడ్. నైట్రోసెల్యులోజూ కర్పూరమూ కలిపి చేసిన ఆ సరుకు ముసలిదయ్యేకొద్దీ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. ఒకటి అలా పాడవడం మొదలైతే దాని బ్లేడే కాదు, అదే డబ్బాలో ఉన్న మిగతా వాటికీ నూనె రాసినా తుప్పు పడుతుంది. వాటిని విడిగా, గాలాడే చోట పెట్టండి. కాల్చిన సూదితో గుచ్చి పరీక్షించమని ఎవరైనా చెప్తే వినకండి, అది భగ్గుమని అంటుకునే పదార్థం. తోలు ఒరల్లో కూడా ఏదీ ఉంచొద్దు, తోలు తేమ పట్టి ఉంచుతుంది, మా వైపు వానాకాలం గురించి వేరే చెప్పాలా.

ప్రస్తుతం నేను వెతుకుతున్నది మడత గంటం. తాటాకు మీద రాసే ఇనప గంటం ఒకవైపు, ఆకు కత్తిరించుకునే చిన్న బ్లేడు ఇంకోవైపు, రెండూ ఒకే పిడిలోకి ముడుచుకుంటాయి. దక్షిణాదిలో ఇలాంటివి చేసేవారు, మ్యూజియంలలో ఉన్నాయి. గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఎవరింట్లోనైనా తాళపత్రాల కట్టతో పాటు అలాంటిది పడి ఉంటే దయచేసి చింతపండు పెట్టి తోమకండి. అమ్మమని అడగను, నూనె చుక్క వేసి ఒకసారి విప్పి చూసుకుని ఇచ్చేస్తాను.