దగ్గడానికి దొరికిన ధైర్యం

గుండెకు బైపాస్ ఆపరేషన్ చేసేటప్పుడు రొమ్ము ఎముకను నిలువునా కోసి, చివర్లో స్టీలు తీగలతో బిగిస్తారు. అది అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. దగ్గడం మాత్రం మర్నాటి నుంచే మొదలుపెట్టాలి. కఫం పేరుకుంటే న్యుమోనియా పొంచి ఉంటుంది. నాకంటే ముందు ఇదే ఆపరేషన్ చేయించుకున్న మా బావగారు తుమ్ము వస్తే చాలు, మంచం పట్టె పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకునేవారు. అందుకే ఆపరేషన్ కంటే దగ్గంటేనే నాకు ఎక్కువ బెదురు.

ముందురోజు వచ్చిన మత్తు డాక్టరుగారు, ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గించే ఎరెక్టర్ స్పైనే బ్లాక్ గురించి చెప్పారు. అల్ట్రాసౌండులో చూస్తూ వెన్నుకు రెండు పక్కలా, వీపు కండరాల అడుగున సన్నని గొట్టాలు పెట్టి నరాలను మొద్దుబార్చే మందు ఎక్కిస్తారట. 2016లో వైద్య పత్రికల్లోకి వచ్చిన పద్ధతి ఇది.

"వెన్నులో సూదంటే కాళ్లు పడిపోవు కదండీ?" అని మా ఆవిడ అడిగింది.

"వెన్నుపాము దాకా వెళ్లమమ్మా. ఆపరేషన్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తాం. అలాంటప్పుడు వెన్ను లోపల రక్తస్రావమైతే వెన్నుపామును నొక్కేస్తుంది. అందుకే బయటి పొరలోనే ఆగుతాం" అన్నారాయన. మా ఆవిడ తల ఊపింది కానీ నమ్మలేదు.

ఐసీయూలో నోట్లో గొట్టం తీశాక ఛాతీ బరువుగా ఉంది, కోత మాత్రం పెద్దగా సలపలేదు. "బాబాయ్ గారూ, దిండు గుండెకు హత్తుకుని దగ్గండి" అంది నర్సు. దగ్గాను. కళ్లు చెమర్చాయి, అంతే. ఊపిరి పీల్చి బంతులు లేపే పరికరంలో రెండో బంతి కూడా కదిలింది. మార్ఫిన్ లాంటి మందులు తక్కువతో సరిపోయాయి కాబట్టి మగతగా పడి ఉండలేదు, మలబద్ధకమూ అంతగా బాధించలేదు.

అయితే ఈ మందు అన్నిచోట్లా పనిచేయలేదు. పక్కటెముకల కింద నెత్తురు, నీరు బయటికి పోవడానికి పెట్టిన గొట్టాలు కదిలినప్పుడల్లా ప్రాణం జివ్వుమనేది. బైపాస్ కోసం సిర తీసిన కాలు సరేసరి, అక్కడి నరాలే వేరు. వాటికి పారాసిటమాల్, మరీ ఓర్చుకోలేకపోతే ఇంకో ఇంజెక్షన్. ఏ నొప్పి తగ్గుతుందో, ఏది తగ్గదో ముందే విడమరిచి చెబితే రోగికి సగం కంగారు తగ్గుతుంది. నాకు ఎవరూ చెప్పలేదు.

వీపులో గొట్టాలు తీసేసిన రాత్రి నిద్ర లేదు. ఆ తర్వాత మాత్రలతోనే నెట్టుకొచ్చాను.

ఇప్పుడు నొప్పి లేదు. ఎడమ రొమ్ము మీద మాత్రం అరచేయంత మేర స్పర్శ తెలియదు. గుండెకు అతికించిన ధమనిని అక్కడి నుంచే తీశారు, అప్పుడు చిన్న నరాలు తెగుతాయని డాక్టరుగారు చెప్పారు. మా ఆవిడ లెక్కలో మాత్రం అదంతా ఆ వెన్ను సూది చలవే.