90 మిల్లీకెల్విన్ దగ్గర ఆగిపోయిన ఎలక్ట్రాన్లు

మాగ్నెట్ ల్యాబ్‌లో మాకు దొరికిన టైమ్ ఐదు రోజులు. మొదటి రెండు రోజుల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. 300 కెల్విన్ నుంచి 4 కెల్విన్‌కు దిగే దారి ఈ పని చేసేవాళ్లందరికీ తెలిసిందే. పల్స్ ట్యూబ్ (హీలియం వాయువుతో నడిచే కూలర్) టకటకమంటూ నడుస్తుంది, దాని మొదటి స్టేజ్ 50 కెల్విన్ దగ్గర, రెండోది 3, 4 కెల్విన్ మధ్య కుదురుకుంటుంది, ఒక రోజు పైచిలుకు పడుతుంది. నన్ను రాయించింది ఆ తర్వాతి చిన్న ముక్క. డైల్యూషన్ ఫ్రిజ్ (రెండు రకాల హీలియం మిశ్రమంతో మిల్లీకెల్విన్‌లకు చల్లబరిచే యంత్రం) థర్మామీటర్ 12 మిల్లీకెల్విన్ అంటోంది, శాంపిల్‌లో ఎలక్ట్రాన్లు మాత్రం 90 దగ్గరే కూర్చున్నాయి. రెండు రాత్రులు ఆ తేడా వెంటే తిరిగాం.

ముందు శాంపిల్ సంగతి. రెండు పొరల గ్రాఫీన్ (ఒక్కో పొర ఒక్క పరమాణువు మందం కార్బన్ రేకు), దానికి పైనా కిందా 30 నానోమీటర్ల చొప్పున కరెంట్ పారనివ్వని బోరాన్ నైట్రైడ్, ఆ బయట గ్రాఫైట్ గేట్లు రెండు, వోల్టేజ్‌తో గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్ల సంఖ్యను మార్చేవి. కాంటాక్టులు అంచు నుంచి తీసినవి: పొరల దొంతరను నిలువునా చెక్కి, బయటపడిన గ్రాఫీన్ అంచు మీద పల్చగా క్రోమియం, దాని మీద బంగారం. ఇలాంటి శాంపిల్ దారిలో చచ్చిపోతే చాలావరకు ఒకే కారణం, స్టాటిక్. పొడిగాలిలో వేలి నుంచి ఎగిరే నిప్పురవ్వ కొన్ని వేల వోల్టులది. గేటుకూ గ్రాఫీన్‌కూ మధ్య 30 నానోమీటర్ల బోరాన్ నైట్రైడ్‌ను చీల్చడానికి కొన్ని పదుల వోల్టులు చాలు. అందుకే చిప్ క్యారియర్ పిన్నులన్నిటినీ కలిపి షార్ట్ చేసి, కండక్టివ్ ఫోమ్‌లో గుచ్చి, లోహపు డబ్బాలో పెట్టాం. రైలు దిగేదాకా ఆ డబ్బా ఒళ్లోనే ఉంది, మూత తీసింది లేదు. ప్రోబ్‌కు (శాంపిల్‌నూ కొలత తీగలనూ ఫ్రిజ్‌లోకి దించే కడ్డీకి) ఎక్కించేటప్పుడు చేతికి 1 మెగా ఓమ్ ఉన్న గ్రౌండ్ పట్టీ, ప్రోబ్ పైన ప్రతి తీగా గ్రౌండ్‌కు. తీగను గ్రౌండ్ నుంచి కొలత వైపు మార్చే స్విచ్, కొత్త దారి కలిశాకే పాతది విడిచే రకం అయి ఉండాలి. రెంటి మధ్య ఒక్క క్షణం తీగ గాలిలో వేలాడినా గేటు పోవచ్చు.

4 కెల్విన్ తర్వాత హీలియం-3, హీలియం-4 మిశ్రమాన్ని ద్రవంగా మార్చాలి. ఇక్కడ మాకు మొదటి చిరాకు ఎదురైంది. కండెన్సింగ్ లైన్‌లో పీడనం నెమ్మదిగా పెరుగుతూ పోయింది, ప్రవాహం తగ్గింది. మిశ్రమంలో ఎక్కడో ఇంత గాలి కలిసిందని దానర్థం. 77 కెల్విన్ దగ్గరుండే నైట్రోజన్ ట్రాప్ దాన్ని పట్టేయాలి. ట్రాప్ నిండిపోయినా, దాని డ్యూవార్‌లో (థర్మోస్ లాంటి పాత్రలో) లిక్విడ్ నైట్రోజన్ మట్టం తగ్గినా గాలి తప్పించుకుని లోపలి సన్నటి గొట్టంలో గడ్డకడుతుంది. మా అదృష్టం, అది పూర్తిగా మూసుకుపోలేదు. మిశ్రమాన్ని ట్యాంకుల్లోకి తీసేసి, గొట్టాన్ని 100 కెల్విన్ దాటించి, వచ్చిన గాలిని పంపుతో లాగేసి, రెండో ట్రాప్‌కు మారాం. అందుకు అర రోజు పోయింది. ఈ పనిలో ఒక్క వాల్వ్ కూడా తొందరపడి తిప్పకూడదు. హీలియం-3 ట్రీషియం క్షీణించగా వచ్చేది, బయటికి పోయిందంటే మళ్లీ తెచ్చుకోవడం చాలా కష్టం.

0.87 కెల్విన్ కింద మిశ్రమం రెండుగా విడిపోతుంది. పైన హీలియం-3 ఎక్కువున్న పొర, కింద పల్చటి పొర. ఎంత చల్లబడినా కింది పొరలో 6.6 శాతం హీలియం-3 మిగిలే ఉంటుంది, ఆ యంత్రం బతుకంతా దాని మీదే. కింది పొరకు గొట్టంతో కలిసి 0.7 కెల్విన్ దగ్గరుండే స్టిల్ అనే గిన్నె నుంచి హీలియం-3ను పంపు లాగుతుంటే, పై పొరలోని పరమాణువులు కిందికి దాటుతూ వేడిని తీసుకుపోతాయి. మూడో రోజు సాయంత్రానికి ఆ రెండు పొరలూ ఉండే మిక్సింగ్ చాంబర్ మీది రుథీనియం ఆక్సైడ్ థర్మామీటర్ 12 మిల్లీకెల్విన్ చూపించింది. దాన్ని పెట్టింది ఫీల్డ్ పడని చోట కాబట్టి ఆ అంకెను నమ్మాం.

అయస్కాంతం 14 టెస్లాలకు ఎక్కించాం. నిమిషానికి 0.1 టెస్లా చొప్పున ఎక్కించాలి, అంతకు మించితే రాగి భాగాల్లో ఎడ్డీ కరెంట్లు పుట్టి అంతా వేడెక్కుతుంది. అంటే 140 నిమిషాలు వేచి చూడటమే. ఆ ఫీల్డ్‌లో ఒక్కో లాండౌ స్థాయిలో (అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్లకు ఉండే శక్తి మెట్టులో) చదరపు సెంటీమీటరుకు సుమారు 33,850 కోట్ల ఎలక్ట్రాన్లు పడతాయి. గేట్లతో ఎలక్ట్రాన్ల సంఖ్యను మారుస్తూ పోతే హాల్ నిరోధకత, అంటే కరెంట్‌కు అడ్డంగా కొలిచేది, మెట్లుమెట్లుగా నిలబడుతుంది. 1980 ఫిబ్రవరిలో గ్రెనోబుల్‌లో క్లాస్ ఫాన్ క్లిట్జింగ్ సిలికాన్ ట్రాన్సిస్టర్‌లో చూసిన మెట్లు ఇవే. వాటి కొలమానం 25,812.807 ఓమ్‌లు. మేం వెళ్లింది ఆ మెట్ల మధ్య దాక్కున్న భిన్నాల కోసం, అంటే నిండిన లాండౌ స్థాయిల సంఖ్య 3/2 లాంటి భిన్నమైనప్పుడు కనిపించే స్థితుల కోసం. 3/2 దగ్గర ఉన్నది గట్టిది, 300 మిల్లీకెల్విన్‌కే పలకరించింది. దాని పక్కనున్న బలహీనమైనవి కరెంట్ దిశలో కొలిచే నిరోధకతలో లోయలుగా కనిపిస్తాయి, చల్లబడేకొద్దీ లోతుగా దిగాలి. దిగడం మొదలుపెట్టాయి కూడా, తర్వాత ఆగిపోయాయి. ఆ లోయ దగ్గరి నిరోధకత లాగరిథమ్‌ను 1/T (T అంటే ఉష్ణోగ్రత) మీద గీస్తే వాలుగా రావాల్సిన గీత 90 మిల్లీకెల్విన్ దగ్గర నేలబారుగా పడుకుంది. ఫ్రిజ్‌ను 60కి దించినా, 12కి దించినా ఆ లోతు అదే.

మా సొంత క్రయోస్టాట్ (చల్లబరిచే పరికరం) 1.5 కెల్విన్‌ది. అక్కడ ఈ బాధ ఎప్పుడూ లేదు, కారణం తేలికే. లోహంలో ఎలక్ట్రాన్లు జాలకానికి (పరమాణువుల అమరికకు) వేడిని అప్పగించే రేటు ఉష్ణోగ్రత ఐదో ఘాతంతో పడిపోతుంది. 1.5 కెల్విన్ నుంచి 15 మిల్లీకెల్విన్‌కు వస్తే నూరు రెట్ల తేడా, అంటే ఆ బంధం వెయ్యి కోట్ల రెట్లు బలహీనం. జాలకం ఎంత చల్లగా ఉన్నా ఎలక్ట్రాన్లకు ఆ సంగతి చేరదు. వాటికి మిగిలిన దారి కొలత తీగలే. ఆ తీగలు పైన 300 కెల్విన్ గది నుంచి వస్తున్నాయి.

ముందు కరెంట్ సంగతి చూశాం. మేం పంపుతున్నది 1 నానోఆంపియర్. 3/2 దగ్గర హాల్ నిరోధకత 17,208 ఓమ్‌లు, కాబట్టి శాంపిల్‌కు అడ్డంగా 17 మైక్రోవోల్టులు. దాన్ని ఉష్ణోగ్రతగా మార్చి చూస్తే 200 మిల్లీకెల్విన్! 12 మిల్లీకెల్విన్ ఎలక్ట్రాన్లను అంత బలంగా కదిలిస్తే అవి చల్లగా ఎలా ఉంటాయి? లాక్-ఇన్ (ఒకే ఫ్రీక్వెన్సీలో సిగ్నల్ పంపి దాన్నే కొలిచే పరికరం) నుంచి 10 మిల్లీవోల్టులు, వరసలో 100 మెగా ఓమ్‌లు పెట్టి 0.1 నానోఆంపియర్‌కు దించాం. సిగ్నల్ పదోవంతయింది కాబట్టి టైమ్ కాన్‌స్టంట్‌ను (లాక్-ఇన్ సగటు తీసే సమయాన్ని) 300 మిల్లీసెకన్ల నుంచి 3 సెకన్లకు పెంచి, గేట్ స్వీప్‌ను పది రెట్లు నెమ్మదింపజేశాం. గీత వంగే చోటు 90 నుంచి 65కి జరిగింది. లెక్క ప్రకారం ఇంకా కిందికి రావాలి, రాలేదు.

మిగిలింది తీగల మీద వచ్చే రేడియో తరంగాలు. 1 గిగాహెర్ట్జ్ ఫోటాన్ శక్తి 48 మిల్లీకెల్విన్‌కు సమానం, గదిలో అలాంటివి లెక్కలేనన్ని. ఈ ప్రోబ్‌లో చల్లటి చివర 2 కిలో ఓమ్‌లు, 10 నానోఫారడ్‌ల ఆర్‌సి (రెసిస్టర్, కెపాసిటర్) ఫిల్టర్లు ఉన్నాయి, 8 కిలోహెర్ట్జ్ పైన కోసేస్తాయి. కాగితం మీద అంతే. గిగాహెర్ట్జ్‌లో ఆ కెపాసిటర్ కాళ్లే ఇండక్టర్లవుతాయి, తరంగం పక్కనుంచి దాటిపోతుంది. రాగిపొడిలో తీగను చుట్టి పెట్టే ఫిల్టర్లు వాడేది ఇందుకే. పొడి రేణువుల మీది ఆక్సైడ్ ఒక్కోదాన్ని విడదీస్తుంది, దాంతో ఉపరితలం విపరీతంగా పెరిగి గిగాహెర్ట్జ్ అంతా అక్కడే వేడిగా మారిపోతుంది. అవి ఈ ప్రోబ్‌లో లేవు, చల్లగా ఉన్న ప్రోబ్‌లో ఇప్పుడు పెట్టలేం.

అందుకని గది వైపు నుంచే తుడుచుకుంటూ వచ్చాం. బ్రేకౌట్ బాక్స్‌లో, అంటే తీగలన్నీ గదిలోకి వచ్చి విడివడే పెట్టెలో, ప్రతి తీగకూ π ఫిల్టర్ తగిలించాం. వాడని తీగలను గ్రౌండ్‌కు కలిపాం. ఒక్కో కేబుల్ పీకి గీతను చూశాం. వాక్యూమ్ గేజ్ కేబుల్ తీస్తే ఏమీ లేదు. గేట్ సోర్స్‌కు (గేట్లకు వోల్టేజ్ ఇచ్చే పరికరానికి) కంప్యూటర్ నుంచి వెళ్లే యూఎస్‌బీ తీగ తీసేసరికి గీత కళ్లముందే కిందికి జారింది. కంప్యూటర్ గ్రౌండ్, ఫ్రిజ్ గ్రౌండ్ ఆ తీగ గుండా లూప్ కట్టాయి, దాని వెంటే కంప్యూటర్ రొద శాంపిల్ దాకా వెళ్తోంది. దాని బదులు ఆప్టికల్ ఫైబర్ లింక్ పెట్టాం, గేట్ సోర్స్‌ను బ్యాటరీ మీదికి మార్చాం. గీత ఇప్పుడు 25 మిల్లీకెల్విన్ దాకా తిన్నగా వచ్చి అక్కడ వంగింది. 0.1 నానోఆంపియర్ ఇచ్చే 1.7 మైక్రోవోల్టులు దాదాపు 20 మిల్లీకెల్విన్‌కు సమానం కాబట్టి అంతకన్నా ఆశించడం న్యాయం కాదు.

ఇంకో మోసం ఉంది, దాన్ని ముందే చూసుకోవాలి. ఎక్కువ ఫీల్డ్‌లో కాంటాక్ట్ దగ్గరి గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్లు పల్చబడితే కాంటాక్ట్ నిరోధకత మెగా ఓమ్‌లకు పోతుంది. 1 మెగా ఓమ్, 10 నానోఫారడ్‌లు కలిస్తే 10 మిల్లీసెకన్లు. 13 హెర్ట్జ్ దగ్గర ఫేజ్ దాదాపు 40 డిగ్రీలు తిరిగిపోతుంది. అప్పుడు కనిపించే చక్కటి లోయ ఉత్త అబద్ధం. లాక్-ఇన్ రెండో చానల్‌ను (ఫేజ్ తిరిగిన భాగాన్ని చూపేదాన్ని) కూడా ఎప్పుడూ రికార్డ్ చేయండి. అది పెరిగితే గ్రాఫైట్ గేట్లు కాక చిప్ అడుగున ఉన్న సిలికాన్ గేట్‌కు ఇంకాస్త వోల్టేజ్ ఇచ్చి కాంటాక్టులను నింపాలి. మాకు 30 వోల్టుల దగ్గర సర్దుకుంది.

చివరి రాత్రి బలహీనమైన భిన్నాలు ఒక్కొక్కటే లోతుగా దిగాయి. తెల్లవారుజామున అయస్కాంతాన్ని సున్నాకు దించి, గేట్లను నెమ్మదిగా సున్నాకు తెచ్చి, తీగలన్నీ గ్రౌండ్‌కు కలిపి, మిశ్రమాన్ని ట్యాంకుల్లోకి లాగేశాం. పీడనాన్ని మొదటి రోజు రాసుకున్న అంకెతో సరిచూస్తే సరిపోయింది. ప్రోబ్‌ను 300 కెల్విన్ వచ్చేదాకా తెరవలేదు, చల్లటి చిప్ మీద గదిలోని తేమ నీరై దిగుతుంది. షార్ట్ చేసిన పిన్నులతోనే శాంపిల్ మళ్లీ ఫోమ్‌లోకి, ఫోమ్ డబ్బాలోకి వెళ్లింది.