ఇప్పుడు టోకెన్ నంబరే పిలుస్తున్నాం

అనంతపురంలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ల్యాబ్ కౌంటర్‌లో పని నాది. మొన్న తాడిపత్రి పక్క నుంచి ఒక అక్క రిపోర్టు కోసం వచ్చింది. లైన్‌లో ఇరవై మంది ఉంటారు. మా వాళ్లలో ఒకరు లోపల్నుంచి ఆమె పేరుతో పాటు పరీక్ష పేరు కూడా గట్టిగా పిలిచేసినారు. హెచ్‌ఐవి.

ఆ అక్క లేవలే. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, చేతిలో రసీదు నలుపుతా అట్లే కూర్చుంది. వెనక బెంచీలో వాళ్ల ఊరాయన ఉన్నాడంట, తర్వాత చెప్పింది. రిపోర్టు నెగటివ్. ఆ సంగతి ఊర్లో ఎంతమందికని చెప్పుకుంటుంది?

హెచ్‌ఐవి ఉన్నవాళ్ల వివరం, చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప, రాతపూర్వక సమ్మతి లేకుండా బయటపెట్టకూడదని 2017 చట్టమే ఉంది. మాకు తెలియక కాదు. కంప్యూటర్‌కు పాస్‌వర్డు పెట్టినాం, అంతటితో అయిపోయిందనుకున్నాం.

ఇప్పుడు టోకెన్ నంబరే పిలుస్తున్నాం. రిపోర్టు కవర్లో పెట్టి, అంటించి, మనిషి చేతికే ఇస్తున్నా. నిన్న ఒక పెద్దాయన "మా వీధామెదే, ఇయ్యి నాయనా, నేను తీసుకపోతా" అన్నాడు. ఇయ్యలే. కోపం చేసుకుని పోయినాడు.

ఆ అక్కకు క్షమాపణ చెప్పాలని ఆ రోజు నుంచీ ఉంది, అప్పుడు నోరు రాలే. ఫోన్ నంబరు సిస్టంలోనే ఉంది. రిపోర్టు కోసమని ఇచ్చిన నంబరు అది, ఇంట్లో ఎవరెత్తుతారో ఏమో. మళ్లీ వస్తే ఎదురుగానే చెప్తా.