రుషికుల్య ఒడ్డున తెలుగు మాట

ఇచ్ఛాపురం దాటగానే ఒడిశా. స్టేషను పలకల మీద లిపి మారింది కానీ, బరంపురంలో దిగాక ఆటో అతను నాతో తెలుగులోనే బేరమాడాడు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది.

మా మేనకోడలు బరంపురం విశ్వవిద్యాలయం సముద్ర విజ్ఞాన శాఖలో ఎమ్మెస్సీ చదువుతోంది. చదువు ఇంగ్లీషులో, చుట్టూ వినిపించేది ఒడియా, పిల్ల ఎలా నెగ్గుకొస్తోందోనని మా అక్కకు బెంగ. చూసి వస్తానని ఏప్రిల్‌లో బయలుదేరాను.

1967లో మొదలైన ఈ విశ్వవిద్యాలయం ఆవరణకు ఒడియా కవి ఉపేంద్ర భంజ పేరు మీద భంజ విహార్ అని పేరు పెట్టారు. అక్కడి ప్రయోగశాలలో నేను గంటసేపు కదలకుండా నిలబడిపోయాను. "సముద్రంలో చేపలకు ఊపిరి ఎంత ఉందో చూద్దాం మావయ్యా" అంటూ మేనకోడలు గాలిబుడగ లేకుండా నీళ్లు నింపిన సీసా తీసింది. మాంగనీస్ సల్ఫేటు, ఆ వెంటనే క్షారంలో కలిపిన అయొడైడు వేసేసరికి సీసాలో గోధుమరంగు మడ్డి పేరుకుంది. తెల్లగా ఉండిపోతే ఆ నీటిలో ప్రాణవాయువు లేనట్టేనట. ఆమ్లం పోస్తే మడ్డి కరిగి నీళ్లు పసుపుపచ్చగా తేలాయి. గంజి చుక్కలు పడగానే చిక్కటి నీలం. ఆపై గాజుగొట్టం నుంచి థయోసల్ఫేటు చుక్క చుక్కగా వదిలింది. ఒక్క చుక్కతో నీలమంతా మాయమైంది. అప్పటిదాకా ఎంత పట్టిందో దాన్నిబట్టే నీటిలోని ప్రాణవాయువు లెక్కనట. ఆ చుక్క దాటిపోకుండా కుళాయి తిప్పిన ఆమె వేళ్ల నేర్పు చూసి నాకు కళ్లు చెమర్చాయి.

మర్నాడు తెల్లవారుజామునే రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి వెళ్లాం. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలూ లక్షలుగా వచ్చి గుడ్లు పెట్టే ఇసుక అది. 2023లో 6 లక్షలకు పైగా వచ్చాయి. మరుసటి ఏడు ఆ సామూహిక రాకే లేదు. 2025లో మళ్లీ లక్షల్లో వచ్చాయి. వాటి కోసమే నవంబరు 1 నుంచి మే 31 దాకా ఇక్కడి సముద్రంలో చేపల వేటపై ఆంక్షలు ఉంటాయి. వలే బతుకైన ఇళ్లకు అది చిన్న కష్టం కాదు. ఆ మాట మరచి తాబేళ్ల గురించి మురిసిపోవడం నాకు న్యాయంగా తోచదు.

ఇసుక కాస్త కుంగింది. ముందు ఒక ముక్కు, తర్వాత ఒక తెడ్డులాంటి చెయ్యి, ఆ వెనకే పదీ ఇరవై. రూపాయి బిళ్లకన్నా పెద్దవి, బూడిదరంగువి, తాబేలు పిల్లలు ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కుతూ బయటికి వచ్చాయి. వెలుతురు ఉన్న వైపుకే పాకుతాయి కనుక ఊరి దీపాల వైపు తిరిగిపోకుండా అడ్డంగా వల కట్టారు. ఇసుక వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ పుడతాయని మేనకోడలు చెప్పింది. ఎండలు ముదిరే కొద్దీ మగవి తగ్గిపోతాయేమోనని దిగులుపడింది.

వల దగ్గర కూర్చున్న ముసలాయన మా మాటలు విని, "శ్రీకాకుళం వైపువాళ్లా?" అని అడిగాడు. ఆయన తాతల కాలం నుంచీ ఈ తీరంలోనే ఉన్నా ఇంట్లో మాట తెలుగే. "ఇవి శ్రీకూర్మనాథుడి బిడ్డలమ్మా, మేము తొక్కం" అన్నాడు.

"తాతా, ఈ రోజుల్లో నీరు ఎటు లాగుతోంది?" అని అడిగింది మా పిల్ల.

"ఇప్పుడు ఉత్తరానికి. కార్తీకం వచ్చేసరికి దక్షిణానికి తిరుగుతుంది. నా వలను అడుగు, చెబుతుంది."

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బంగాళాఖాతపు తీర ప్రవాహం వానలకు ముందు ఉత్తరానికీ, అక్టోబరు దాటాక దక్షిణానికీ పారుతుందన్నది నిన్న రాత్రి ఆమె నాకు బొమ్మ గీసి చెప్పిన పాఠం.

తర్వాత ఆయన ఏ గాలికి ఏ చేప ఒడ్డుకు వస్తుందో, నది నోరు ఎన్నిసార్లు జరిగిందో, పోడంపేటలో సముద్రం ఇళ్లను ఎలా మింగిందో చెబుతూ పోయాడు. ఆమె పుస్తకంలో ఉష్ణోగ్రత, లవణీయత అన్నీ ఇంగ్లీషు గడుల్లో ఉన్నాయి. చివరి గడి మాత్రం ఆయన మాటలతో, ఆయన చెప్పిన వరసలోనే, తెలుగులో నిండింది. గడి చాలక పేజీ తిప్పింది.